మామ తూచి ఎంచిన సర్వర్

ఆ రెండు యంత్రాలూ హిందూపురంలో మా అంగడి నేల మీద పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి నల్లటి ఇనప పెట్టె. నా మోకాలి ఎత్తు ఉండేది, ముందువైపు తాళం వేసుకునే తలుపు. బెంగళూరులో ఏదో ఆఫీసు మూసేస్తూ సామాను అమ్ముతుంటే మా ఆయన కొనుక్కొచ్చారు. ఆటోలోంచి దించడానికి ఇద్దరు పట్టవలసి వచ్చింది. రెండోది పాత ల్యాప్‌టాప్. తెర మీద నిలువునా మూడు గీతలు పడి ఉన్నాయి, మూత ఒక మూల విరిగిపోయింది. ఈ రెండింటిలో ఒకదాన్ని ధర్మవరంలో మా మామ ఇంటికి సర్వర్‌గా పంపాలి. ఏది పంపాలో చెప్పాల్సినదాన్ని నేను. తెలిసి కూడా చెప్పలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా సాయంత్రం దీపం పెట్టి కూర్చుంటే ముందుగా మనసులోకి వచ్చే తప్పు అదే.

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాను. పెనుకొండలో మా నాయన కరెంటు లైన్‌మన్. నాకు ఐదేళ్ళప్పుడు ఉబ్బసం పట్టుకుంది. బడి దుమ్ములో రెండు వారాలు కూర్చుంటే నెల రోజులు మంచం మీద ఉండేదాన్ని. చివరికి నాయన "చదువు యాడికీ పారిపోదులే పాపా, ఇంటికే తెస్తా" అని పలక కొనిచ్చాడు. పొద్దున డ్యూటీకి పోయేముందు లెక్కలు రాసిచ్చి, సాయంత్రం వచ్చి దిద్దేవాడు. ఆయనకు తెలిసిన లెక్కలన్నీ కరెంటువే. ఈ బల్బు గంటకు ఎంత తింటుంది, ఇస్త్రీపెట్టె ఎంత తింటుంది, రెండూ కలిపి పెడితే ఏ ఫ్యూజు పోతుంది. నా కూడికలు, గుణకారాలు అన్నీ వీటి మీదే సాగాయి. తొంభైలలో మిగతా పిల్లలు పదో తరగతి పరీక్షకు పోతుంటే నేను వరండాలో కూర్చుని మీటరు రేకు మీది ఇంగ్లీషు చదువుకునేదాన్ని.

నెలకోసారి ధర్మవరం నుంచి మామ రైలు దిగి వచ్చేవాడు. మా అమ్మకు అన్న. ఆయన సంచిలో నా మందులు ఉండేవి, ఎవరో వాడి వదిలేసిన ఇంగ్లీషు పుస్తకాలు ఉండేవి, ఒక కట్ట గళ్ళ కాగితాలు ఉండేవి. పట్టుచీరల అంచులకు, కొంగులకు డిజైన్లు గీయడం ఆయన పని. ఒక్కో గడి ఒక్కో పోగు. ఆ గళ్ళను బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీద ఎక్కితే కాగితం మీది హంస చీర మీదికి దిగుతుంది. ఆయాసంతో పడుకోలేక నేను గోడకానుకుని కూర్చున్న రోజుల్లో మామ నా పక్కన కూర్చుని గళ్ళు నింపడం నేర్పించాడు. "ఊపిరి లెక్కబెట్టద్దు, గళ్ళు లెక్కబెట్టు" అనేవాడు. నాయన పోయినాక నా పెళ్ళి చేసింది ఆయనే. నేను ఈ మాత్రం మనిషినై తిరుగుతున్నందుకు మొదట కదిరి స్వామికి, ఆ తర్వాత నాయనకు, ఆ వెంటనే మామకు రోజూ మనసులో మొక్కుకుంటాను.

పెళ్ళయి హిందూపురం వచ్చాక మా ఆయన అంగట్లో కూర్చోవడం మొదలుపెట్టాను. జిరాక్సు, పెళ్ళి కార్డుల టైపింగు, పాత కంప్యూటర్ల రిపేరు మా పని. ఆయన చేతులతో నేర్చుకున్న మనిషి. నేను మూలన పడేసిన మాన్యువళ్ళు చదివి నేర్చుకున్నదాన్ని. పత్రికలతో పాటు ఉచితంగా వచ్చే సీడీల్లో లినక్స్ ఉండేది. అది పెట్టి, విప్పి, చెడగొట్టి, మళ్ళీ పెట్టి, ఒక పాత డబ్బాను పక్క గదిలోని మరో డబ్బాకు పేజీలు చూపించేలా చేయగలిగాను. సర్వర్ అంటే అంతే. నిద్రపోకుండా మేలుకుని ఉండి, ఎక్కడి నుంచి ఎవరు అడిగినా మన పేజీని తీసి చూపించే కంప్యూటర్.

మామకు అది అవసరమైంది. ఆయన వీధిలో తొమ్మిది ఇళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి పెద్ద షాపులకు కూలికి నేసేవాళ్ళు. షాపువాళ్ళు పట్టూ జరీ తూచి ఇస్తారు, నేసిన చీర తూచి తీసుకుంటారు. మామ గీసిన డిజైను కూడా షాపు పేరు మీదే బయటికి పోయేది. "మన మగ్గం మీద మన చీరే నేసుకుందాం" అని ఆయన ఒక్కో ఇంటి అరుగు మీదా కూర్చుని ఒప్పించాడు. అందుకు ఏడాది పట్టింది. బెంగళూరులో చీరల అంగడి పెట్టుకున్న ఒకామెకు ఆయన డిజైన్లు నచ్చాయి. అన్నిసార్లూ ధర్మవరం రాలేననీ, చీరల ఫోటోలు ఇంటర్నెట్‌లో పెడితే దసరాకు ముందు వారంలో తమవాళ్ళంతా కూర్చుని చూస్తామనీ, నచ్చితే ఏడాది పొడుగునా తొమ్మిది మగ్గాలకూ పని ఇస్తాననీ చెప్పింది. ఏ రోజు చూస్తుందో చెప్పలేదు. ఆమె తెరిచినప్పుడు పేజీ తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే ఆ తొమ్మిది ఇళ్ళూ మళ్ళీ షాపు మెట్లెక్కాల్సిందే.

మొదట ఫోటోలు అద్దెకు చోటిచ్చే ఒక కంపెనీ దగ్గర పెట్టాం. మూడు నెలలకు ఆ కంపెనీయే కనబడకుండా పోయింది. మామ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆయన దిగులు ఫోటోలు పోయినందుకు కాదు, తన హంసలు ఎవరి చేతిలో పడ్డాయో అని. "ఇంగ అద్దె కొంపలు వద్దు పాపా. నా డిజైన్లు నా కప్పు కిందే ఉండల్ల" అన్నాడు. అప్పుడప్పుడే ధర్మవరానికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. మామ ఇంటి ఫోను తీగకే ఆ లైను, బయటివాళ్ళు వెతికితే దొరికేలా మారని ఇంటర్నెట్ చిరునామాతో తీసుకున్నాం. ఇక కావలసింది యంత్రం.

నేను నాలుగు రోజులు ఆ రెంటి చుట్టూ తిరిగాను. పెట్టె వెనక రేకు చదివాను. లోపల ఐదు ఫ్యాన్లు, మూడు డిస్కులు. నాయన నేర్పిన లెక్కే కాగితం మీద వేశాను. కరెంటు పోతే మా దగ్గరున్న యూపీఎస్ ఆ పెట్టెను పది నిమిషాలు కూడా మోయలేదు. ధర్మవరంలో ఆ రోజుల్లో పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కరెంటు తీసేవారు. చెప్పకుండా తీసేది వేరే. ఇంకొకటి, ఆ పెట్టె అర్ధాంతరంగా ఆగిపోతే మళ్ళీ లేచేటప్పుడు మూడు డిస్కులనూ మూల మూలలా వెతుక్కుని గానీ నిలబడదు. అంగట్లో రెండుసార్లు ప్లగ్గు పీకి చూశాను. రెండుసార్లూ ముప్పావు గంట పట్టింది. ల్యాప్‌టాప్ సంగతి వేరు. దాని కడుపులోనే బ్యాటరీ ఉంది, రెండు గంటలు తనంతట తాను నడుస్తుంది. అప్పుడు యూపీఎస్ మీద మోడెం ఒక్కటే ఉంటుంది కాబట్టి అదీ గంటలు గంటలు ఆగుతుంది. తెర పాడైతేనేం, సర్వర్ తెరను ఎవరు చూస్తారు? మా పని యాభై చీరల ఫోటోలు, ఒక్కసారి చూసేది ఒకరో ఇద్దరో. దానికి ఆ పెట్టె పెట్టడం ఒక్క చీరను మోయడానికి లారీ కట్టడమే.

ఇదంతా తెలుగులో, మామకు అర్థమయ్యేలా, ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను.

ఆదివారం మామ వచ్చాడు. వెంట ఆయన ఎదురింటాయన కూడా వచ్చాడు. తొమ్మిది ఇళ్ళలో ఒకాయన, నోరు తెరిస్తే నవ్వించే మనిషి. మామ ల్యాప్‌టాప్‌ను ఒక చేత్తో ఎత్తి, అరచేతిలో రెండుసార్లు ఆడించి, బల్ల మీద పెట్టేశాడు. తర్వాత పెట్టె ముందు కూర్చుని, రెండు చేతులూ అడుక్కు పోనిచ్చి, పళ్ళు బిగబట్టి నేల మీంచి జానెడు లేపాడు. మెడ నరాలు పైకి తేలాయి. దించి, తువ్వాలుతో మొహం తుడుచుకుని నవ్వాడు.

"సరుకంటే ఇదబ్బా" అన్నాడు.

"ఏమన్నా, జరీ బాగా పోసినట్టుండారే" అన్నాడు ఎదురింటాయన. "ఆ చిన్నది యాడికొస్తాదిలే, కొంగుకు గూడా చాలదు."

ధర్మవరం వాళ్ళను అందుకు తప్పుపట్టలేను. వాళ్ళు చీరను కళ్ళతో చూసేముందు చేతులతో ఎత్తి చూస్తారు. పోగు పోగూ తూచి తెచ్చుకుని, తూచి అప్పగించే బతుకు. బరువు తగ్గిందంటే పట్టు తగ్గినట్టు, జరీ తగ్గినట్టు, ఎవరో ఎక్కడో మోసం చేసినట్టు. నలభై ఏళ్ళు ఆ చేతులు ఆయనకు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

"మామా, అది తేలిగ్గా ఉన్నా..." అని మొదలుపెట్టాను.

"నీకు తెలీదని కాదు పాపా. మొగం పగిలిన దాంట్లో పెడతావా నా డిజైన్లు? ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారు?"

మా ఆయన నా వైపు చూశారు. "చెప్పమ్మే, నాలుగు దినాలు చదివింది నువ్వే గదా."

కాగితం నా చేతిలోనే ఉంది. మామ మొహం చూశాను. నా మందుల కోసం రైల్లో నిలబడి వచ్చిన మనిషి. ఎదురింటాయన ముందర ఆయన ఎంచినదాన్ని కాదనాలా? ఆయన చేతులు తప్పు అని నేను, ఆయన పెంచిన దాన్ని, చెప్పాలా?

"నీ ఇష్టం మామా. పెద్దది గూడా మంచిదే" అన్నాను. కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకున్నాను. ఆ క్షణాన నాకు అది అబద్ధంలా అనిపించలేదు, వినయంలా అనిపించింది.

ధర్మవరంలో దాన్ని మగ్గం గది మూలన చెక్క పలక మీద నిలబెట్టాం. మీట నొక్కగానే ఐదు ఫ్యాన్లూ ఒక్కసారిగా లేచాయి. మామ భార్య, మా అత్త, చెవులు మూసుకుంది. ఎదురింటాయన గడపలోంచి తల పెట్టాడు.

"ఏమక్కా, ఇది సర్వరా, పిండిమిషనా? నాలుగు సేర్లు రాగులు తెత్తునా?"

"తేప్పా, తే" అంది అత్త. "దీని ఎనకాల గాలికి ఒడియాలు గూడా ఎండబెట్టుకోవచ్చు."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. పేజీ తెరుచుకుంది. హిందూపురంలోని మా ఆయనకు ఫోను చేస్తే అక్కడ కూడా తెరుచుకుంది, చీరలన్నీ కనబడుతున్నాయన్నారు. మామ రిసీవరు లాక్కుని, "కొంగు రంగు సరిగ్గా వస్తాండాదా? అంచు?" అని పదిసార్లు అడిగాడు. ఆయన కళ్ళు తడిశాయి. ఆ సంతోషం చూశాక నా నోరు ఇంకా మూసుకుపోయింది.

వచ్చేముందు ఎవరూ లేనప్పుడు మెయిన్ ఆపి చూశాను. యూపీఎస్ ఆరు నిమిషాలు కూసి పడిపోయింది. మామ లోపలికి వచ్చి, "ఏమైంది పాపా?" అన్నాడు.

"ఏం లేదు మామా, చూస్తాండా. కరెంటు పోతే ఎట్లా అని."

"పండగ వారంలో తియ్యరులే" అన్నాడు నిశ్చింతగా.

అప్పుడన్నా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఇంటికి వచ్చి స్వామి పటం ముందు కూర్చుని, ఆ వారం రోజులు ధర్మవరంలో కరెంటు పోకుండా చూడమని అడిగాను. మామకు చెప్పాల్సిన మాటను దేవుడికి చెప్పుకున్నాను. అడిగిన కొద్దీ మనసు కుదుటపడాల్సింది పోయి, మంత్రం మధ్యలో యూపీఎస్ కూత వినబడేది. ఒక్క పని మాత్రం చేశాను. అవే పేజీలు, అవే ఫోటోలు ల్యాప్‌టాప్‌లో కూడా ఎక్కించి ఉంచాను. ఎందుకు ఎక్కిస్తున్నావని మా ఆయన అడగలేదు. తెలిసే అడగలేదు అనుకుంటాను.

దసరాకు ముందు వారం రోజూ పొద్దున అత్తకు ఫోను చేసేదాన్ని. సోమవారం బాగుంది. మంగళవారం అరగంట కరెంటు పోయినా, తిరిగి వచ్చిన గంటలోపల మళ్ళీ అన్నీ నిలబడ్డాయి. బుధవారం మధ్యాహ్నం పన్నెండు దాటాక ఫోను అటునుంచే వచ్చింది.

"పాపా, మిషను కూస్తాండాది. కూసి కూసి ఆరిపాయె. మళ్ళా కరెంటొస్తే లేసింది గానీ, టీవీ మాదిరి దాంట్లో ఏందో తెల్లగా రాస్తానే ఉండాది."

"అంకెలు కనపడతాండాయా అత్తా? పక్కన ఒకటి పెరగతా ఉంటాది."

"నాకు యాడ తెలుస్తాదమ్మా ఇంగిలీసు అంకెలు... అవును, ఏదో మారతాండాది. ముందు మూడుండె. ఇప్పుడు నాలుగు మాదిరి ఉండాది."

నూటికి నాలుగు. వెతుక్కోవడం ఇప్పుడే మొదలైంది. నేను గడియారం ముందు కూర్చున్నాను. నలభైకి వచ్చిందని అత్త చెప్పిన కాసేపటికి మళ్ళీ కరెంటు పోయింది. యూపీఎస్‌లో ఇంకేమీ మిగల్లేదు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఒకటి నుంచి మొదలు. అట్లా మూడోసారి మొదలయ్యేసరికి నేను ల్యాప్‌టాప్‌ను పాత చీరలో చుట్టి, అంగట్లో మిగిలిన చిన్న యూపీఎస్‌తో పాటు సంచిలో పెట్టుకుని స్టేషనుకు పరుగెత్తాను.

హిందూపురం నుంచి ధర్మవరానికి పెనుకొండ మీదుగా గంటన్నర పైనే ప్రయాణం. ఆ రైల్లో నేను రోజూ చెప్పుకునే పేర్లు చెప్పుకోవడానికి కూర్చున్నాను. స్వామికి, నాయనకు, మామకు. మామ దగ్గరికి వచ్చేసరికి మాట ముందుకు పోలేదు. ఎవరికి కృతజ్ఞత చెప్పుకుంటున్నానో ఆయన్నే ఒక గోతిలోకి నడవనిచ్చి, పక్కన నిలబడి చూశాను. పెనుకొండలో రైలు ఆగితే, దిగి అమ్మ దగ్గరికి పోయి పడుకుందామా అనిపించింది. ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. మందు పీల్చుకుని కూర్చుండిపోయాను.

నేను పోయేసరికి అయిదు దాటింది. మగ్గం గదిలో మామ పెట్టె పక్కన నేల మీద కూర్చుని విసనకర్రతో దానికి విసురుతున్నాడు. కరెంటు లేదు, ఫ్యాన్లు తిరగడం లేదు, యంత్రం కాలుతోందని ఆయనకు భయం.

"మామా, ఆమె ఫోను చేసిందా?"

ఆయన విసరడం ఆపలేదు. "చేసింది. మూడు గంటలకు అందరూ కూర్చున్నారంట. ముప్పావు గంట చూసినారంట. తెరుచుకోలేదంట. వేరే ఊరి సరుకు ముందరే ఉంటే దాన్ని తీసుకున్నామని చెప్పింది. వచ్చే ఏడు చూద్దాం అనింది. మర్యాదగానే చెప్పిందిలే."

నేను సంచి దించాను. మోడెంను నేను తెచ్చిన యూపీఎస్ మీద పెట్టి, దానికి ల్యాప్‌టాప్ తగిలించాను. నా చేతులు పని చేస్తున్నంతసేపూ ఆయన విసురుతూనే ఉన్నాడు. పావుగంటలో పేజీ నిలబడింది. మా ఆయనకు ఫోను చేస్తే కనబడుతున్నదన్నారు. ఇంకా కరెంటు రాలేదు. ల్యాప్‌టాప్ మాత్రం తన బ్యాటరీ మీద, చప్పుడు లేకుండా, మూడు గీతల మొహంతో పని చేస్తోంది.

మామ విసనకర్ర కింద పెట్టాడు. దాన్ని చూశాడు. పెట్టెను చూశాడు.

"ఇది నడుస్తాదని నీకు ముందే తెలుసా?"

"తెలుసు మామా."

"అది నిలబడదనీ తెలుసా?"

"లెక్క గూడా వేసినా. కాగితం మీద రాసినా."

మామ పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. తిట్టి ఉంటే బాగుండేది. అత్త వంటింటి గడపలో నిలబడిపోయింది.

"తెలిసి ఏమిటికి చెప్పలేదమ్మా?"

"నీ మాట కాదనలేక. నువ్వు నాకు చేసినవన్నీ..."

"అందుకా?" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఆయనకు కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. "నీకు మందులు తెచ్చిచ్చింది నువ్వు నోరు మూసుకుంటావనా? పట్టు తక్కువైనా గంజి పెడితే చీర బరువే ఉంటాది. అది నాకు తెలీదా? ఎవురన్నా పక్కనుంచి ఒక్క మాట అంటే చెయ్యి ఆగుతాది గదా."

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. లేచి వీధిలోకి పోయాడు. తొమ్మిది ఇళ్ళకూ తానే చెప్పాలి కదా.

మర్నాడు పొద్దున చూస్తే అత్తా మామా కలిసి ల్యాప్‌టాప్‌ను దేవుడి గూట్లో పెట్టబోతున్నారు. పసుపూ కుంకుమా సిద్ధంగా ఉన్నాయి. దుమ్ము పడకుండా పైన కప్పడానికి మామ ఒక పట్టు గుడ్డ తెచ్చాడు. గూట్లో గాలి ఆడదు. పట్టు కప్పితే సాయంత్రానికి వేడెక్కి ఆగిపోతుంది. పైగా దేవుడి గూట్లో దీపం ఉంది. వాళ్ళది భక్తి. ఆ భక్తి నాకు అర్థం కానిది కూడా కాదు.

"వద్దు మామా" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది. "ఈడ వద్దు. గుడ్డ కప్పొద్దు. ఆ కిటికీ పక్క బల్ల మీద, నాలుగు వైపులా గాలి ఆడేతట్టు పెట్టల్ల."

మామ నా వైపు చూసి, గుడ్డ మడిచి భుజాన వేసుకుని, ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టాడు. అత్త మూతకు ఒక మూల చిన్న కుంకుమ బొట్టు మాత్రం పెట్టింది. దానికి నేను అడ్డం చెప్పలేదు.

అది ఆ బల్ల మీదే మూడేళ్ళు నడిచింది. మరుసటేడు బెంగళూరామె చూసింది, కొన్ని చీరలు తీసుకుంది. కానీ అప్పటికి తొమ్మిది మగ్గాలు లేవు. పేజీ తెరుచుకోని ఆ ఏడే, దసరా వెళ్ళి దీపావళి వచ్చేలోగా ఐదు ఇళ్ళవాళ్ళు మళ్ళీ షాపు కూలికి ఒప్పుకున్నారు. నేసిన చీరలు ఇంట్లో పెట్టుకుని ఇంకో ఏడాది ఆగగల శక్తి వాళ్ళకు లేదు. మామ ఎవరినీ ఒక్క మాట అనలేదు. వీధిలో మాత్రం మామ యంత్రం ఆడలేదనే చెప్పుకున్నారు. మామ ఎంచుకున్న యంత్రం అని.

ఆ దీపావళికే, రెండు రోజుల ముందు నేను మామ ఎదురింటికి పోయాను. ఆ ఐదు ఇళ్ళలో అది కూడా ఒకటి. ఆయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి ఆపకుండానే నవ్వాడు.

"రామ్మా. ఏమి, పిండిమిషను ఎవురికి అమ్మేసినారు?"

"ఇంకా ఉండాదన్నా. నీకొక మాట చెప్పల్లని వచ్చినా."

"చెప్పు."

"తప్పు మామది కాదు. ఆ పొద్దు అంగట్లో చిన్నదే మంచిదని నాకు తెలుసు. చెప్పకుండా ఊరకుండినా. మామను ఏమీ అనుకోవద్దన్నా."

ఆయన అప్పుడు చెయ్యి ఆపాడు. ఇంకేదో హాస్యం ఆడతాడనుకున్నాను. ఆడలేదు.

"ఎవురిదైతే ఏముందిలేమ్మా" అన్నాడు. ముందు చాచి ఉన్న పడుగును, ఎర్రటి కొత్త పట్టును, అరచేత్తో మెల్లగా రాశాడు. "షాపు పడుగు ఎక్కించేసినా. ఇది దిగేదాకా ఏమీ లేదు. ఎక్కినాక కోసెయ్యలేము గదా."

"ఎన్ని చీరలన్నా?"

"నాలుగు. ఇది అయ్యేలోగా ఇంగోటి ఇస్తాడు."

ఆయన భార్య లోపల్నుంచి మజ్జిగ తెచ్చి నా చేతికిచ్చింది. వద్దనలేదు. నిలబడే తాగి, గ్లాసు కడిగి గట్టు మీద బోర్లించాను. ఆయన మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు. నేను గడప దాటి రోడ్డు మీదికి వచ్చాక కూడా ఆ మగ్గం చప్పుడు వినబడుతూనే ఉంది, తప్పకుండా, ఒకే వేగంతో.